జాముకో నిద్ర

నాలాగే ఈ జబ్బున్న మనిషి ఎక్కడో ఒకచోట ఇంకొకరు ఉండే ఉంటారు. ఇంట్లోవాళ్లు ఆమెను పనిదొంగ అంటుంటారు. వీధిలోవాళ్లు గాలి సోకిందంటుంటారు. ఆమె రెండూ విని ఊరుకుంటూ ఉంటుంది. ఆమె కోసం ఇది రాస్తున్నాను. కొంత నా కోసం కూడా. చాలాకాలం నా పక్కన కూర్చుని మాట్లాడినవాళ్లు లేక చెప్పాల్సిన మాటలన్నీ లోపలే మిగిలిపోయాయి. జబ్బు పూర్తిగా పోయిందని చెప్పను. దానితో కాపురం చేయడం తెలిసింది, అంతే.

మా అత్తగారిది గద్వాల, పుట్టింటివాళ్లది కొత్తకోట. రెండిళ్లలోనూ మగ్గమే బతుకుదెరువు. మా నాన్న ఉన్నంతకాలం నేస్తూనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

గద్వాల చీర ఎలా నేస్తారో తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి, లేకపోతే నా కష్టం అర్థం కాదు. మా చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. నూలు పోగూ పట్టు పోగూ కలిసేచోట ఒకదాన్నొకటి పట్టుకునేలా ప్రతి వరసలోనూ మెలి వేయాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన, మగ్గం కింద తవ్విన గుంతలో కాళ్లు వేలాడేసి కూర్చోవాలి. అడ్డపోగును మోసే నాడె ఒకరి చేతిలోంచి రెండోవారి చేతిలోకి పోవాలి, మళ్లీ రావాలి. ఒకరు ఆగితే రెండోవారూ ఆగాల్సిందే. పెళ్లయిన కొత్తలో మా ఆయన పక్కన ఆ రెండో చోటు నాది. పెద్దల ముందు మొగుడూ పెళ్లాలు కూర్చుని మాట్లాడుకుంటే తప్పు, మగ్గం మీద మాత్రం తప్పు లేదు. అందుకని ఆ చోటంటే నాకు ప్రాణం.

విక్రమ సంవత్సరం, ఆశ్వయుజం

దసరా ముందు చేతినిండా పని. ఒక పొద్దున నాడె అందుకోబోయాను. ఆ తర్వాత నాకు తెలిసింది మా ఆయన భుజం మీద తల పెట్టుకుని ఉన్నానని. మా అత్త వాకిట్లో నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతోంది. మా ఆయన సిగ్గుతో ముడుచుకుపోయాడు.

"ఏందే, గిట్ల మీద పడుతున్నవ్? అమ్మ చూస్తుంది."

"నిద్ర పట్టింది."

"పొద్దు పొడిచి ఎంతసేపాయె? గప్పుడే నిద్రేంది?"

అదేమిటో నాకూ తెలియదు. రాత్రి బాగానే పడుకున్నాను. కాసేపు కునికి లేచాక ఒళ్లు తేటగానే ఉంది. కానీ మధ్యాహ్నం కాకముందే మళ్లీ వచ్చింది. బియ్యంలో రాళ్లు ఏరుతూ చేట మీదికి వాలిపోయాను. మాపటికి బావి దగ్గర చేదతాడు పట్టుకుని నిలబడే నిద్రపోయాను. లేచిన ప్రతిసారీ మామూలు మనిషినే. ఒక జాము గడిచేసరికి మళ్లీ కళ్ల మీదికి బరువు దిగేది. మా వీధికి పొద్దు ఎంతయిందో కోటలో గంట కొడితే తెలిసేది. నాకు గంటతో పని లేకుండా పోయింది.

మా అత్త నోరు పెద్దది. నన్ను లేపడానికి ఆ నోరు చాలు, చెయ్యి వేయాల్సిన పని లేదు. "మేం గూడ కోడళ్లమై వచ్చినోళ్లమే. మాకు నిద్ర రాలేదా? నిద్రను గూట్ల పెట్టి పని చేసినం" అనేది. నేను కూడా గూట్లో పెట్టడానికే చూశాను. కళ్లలో ఉల్లిగడ్డ రసం పెట్టుకున్నాను, తొడ మీద గిల్లుకున్నాను. ఎంత ఆపితే అంత గట్టిగా వచ్చి పడేసేది.

అది ఒకటైతే, రెండోది కార్తీకంలో మొదలైంది. పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులకు, గంజి పెట్టే రోజు వీధి వీధంతా పొద్దున్నే లేస్తుంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పోగులు కట్టి, అటొకరు ఇటొకరు నిలబడి గంజి పూస్తారు. ఎదురింటి పెద్దాయన అటూ ఇటూ నడుస్తూ ఉంటే ఆయన పంచె కొంగు గంజిలో తడిసి, ఆరి, అట్టలాగా నిలబడిపోయింది. ఆయనకు తెలియదు. అందరం చూసి నవ్వాం. నేనూ నవ్వాను. నవ్వు నోటిదాకా రాగానే మోకాళ్లలో సత్తువ పోయింది, దవడ జారింది, చేతులు వేలాడిపోయాయి. పోయి పడుగు మీద పడ్డాను. పోగులు పటపటా తెగాయి.

అప్పుడు నేను నిద్రలో లేను. అది మాత్రం గుర్తుపెట్టుకోండి. కళ్లు మూతపడ్డాయి, వేలు కదపలేను, కానీ అన్నీ వినపడుతున్నాయి. "పడుగు మీద పడ్డదంటె ఇంటికి మంచిది కాదు" అన్నదొక గొంతు. "యేషాలేస్తుందేమో" అన్నదింకో గొంతు. "లేసినంక అడుగుండ్రి" అన్నారెవరో. లేచాక ఎవరూ అడగలేదు. పోగులు అతకడానికి కూర్చున్నారు, నన్ను దగ్గరికి రానివ్వలేదు.

వృష సంవత్సరం, వైశాఖం

నిద్ర ఎక్కువగా మగ్గం మీదే వస్తోందని ఇంట్లోవాళ్లకు తోచింది. రోజంతా నేను కూర్చునేది అక్కడే గనక అలా తోచడం వింతేమీ కాదు. మగ్గాలకు చోటు చూసే పెద్దమనిషి ఒకాయనను పిలిపించారు. ఆయన గుంతలో దిగి, మట్టి వాసన చూసి, బయటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు.

"గుంత కింద ఏదో ఉన్నది. మనిషిని కిందికి గుంజుతుంది. గుంత మార్చుండ్రి" అన్నాడు.

"మరి నా కొడుకును గుంజుతలేదేంది?" అని మా అత్త అడిగింది. ఆ ప్రశ్నకు నేను ఆమెను లోలోపల మెచ్చుకున్నాను.

"ఆడమనిషి కాళ్లు చల్లగుంటయ్" అన్నాడాయన.

ఇక మాట్లాడేదేముంది. మగ్గం విప్పారు. మూడు తరాల నాటి గుంత పూడ్చారు. వెనక గోడ పక్కన, వెలుతురు సరిగా రానిచోట కొత్త గుంత తవ్వారు. గోడలు ఆరేదాకా పని లేదు. అన్ని రోజులూ మా ఆయన అరుగు మీద కూర్చుని బీడీలు కాల్చాడు. ఒక మగ్గం ఆగితే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. కొత్త గుంతలో నేను మొదట కాలు పెట్టిన పూటే నిద్రపోయాను. నన్నెవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

మరునాడు నేను నీళ్లు తెచ్చి వచ్చేసరికి నా చోట మా అత్త కూర్చుని ఉంది. ఆమె ఆ పని వదిలి ఏళ్లయింది. కళ్లకు పోగు సరిగా ఆనదు. అయినా తల వంచుకుని నాడె అందుకుంటోంది. మా ఆయన నా వైపు చూడలేదు.

నన్ను వసారాలో కండెలు చుట్టడానికి పెట్టారు. మధ్యలో నిద్రపోయినా కండె ఎక్కడికీ పోదు గదా. అక్కడ ఒక్కదాన్ని. లోపల నాడె చప్పుడు, వాళ్ల మాటలు. వీధిలో ఆడవాళ్లు నన్ను దాటిపోయి మా అత్తను పలకరించేవాళ్లు. నన్ను పలకరిస్తే ఏదో ఒక మాటకు నవ్వుతానేమో, నవ్వితే పడతానేమో అని భయం. నాకూ అదే భయం. నవ్వు వచ్చే చోట్లకు పోవడం మానేశాను. పెళ్లిళ్లకు పోలేదు, బోనాలకు పోలేదు. కొంతకాలానికి నవ్వు దానంతటదే రావడం మానింది. అది అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టింది.

ఒంటరిగా కూర్చున్నవాళ్లకు చూడటం అలవాటవుతుంది. నేను ఇంట్లోవాళ్లను చూసేదాన్ని. మా ఆయన చేయి కొంతసేపు జోరుగా ఆడేది, తర్వాత మెల్లగా మందగించేది, అప్పుడు లేచి బీడీ కోసం బయటికి వచ్చేవాడు. మా అత్త అదే వేళకు ఆవలించి వక్కాకు తీసేది. కాసేపటికి ఇద్దరూ మళ్లీ జోరందుకునేవాళ్లు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, మాపటికి ఒకసారి. అందరి ఒంట్లోనూ ఈ ఎత్తూ పల్లమూ ఉంది. వాళ్ల పల్లం చీలమండల దాకా, నాది నెత్తి మునిగేదాకా. ఎవరికైనా చెబుదామనుకున్నాను, వినేవాళ్లు లేరు.

చిత్రభాను సంవత్సరం, మాఘం

పాప పుట్టింది. మా ఊరి జమ్ములమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరే పెట్టారు. జమ్ము అని పిలిచేవాళ్లం.

మొదటి నెలలు నా బతుకులో చాలా మంచి రోజులు. పాప కూడా నాలాగే జాముకోసారి నిద్రపోయేది, జాముకోసారి లేచి పాలకు ఏడ్చేది. పురిటి గదిలో తల్లీ బిడ్డా ఎప్పుడు పడుకున్నా అడిగేవాళ్లు లేరు. పెళ్లయ్యాక మొదటిసారి నా నిద్ర తప్పు కాకుండా పోయింది. ఈ ఇంట్లో నాకొక తోడు దొరికిందనుకున్నాను.

స్వభాను సంవత్సరం, శ్రావణం

పాపకు ఆరో నెల. బోర్లా పడుతోంది, మనుషుల్ని గుర్తుపడుతోంది. దేశదేశాల మధ్య జరుగుతున్న లడాయి వల్ల నూలు దొరకక మగ్గం ఆగి ఉంది. నేను గుంత గట్టు మీద కూర్చుని పాపను ఒళ్లో నిలబెట్టుకున్నాను. పాప నా ముక్కుపుడక పట్టుకుని లాగి, నేను "అబ్బా" అనేసరికి పకపకా నవ్వింది. అంతవరకు చిరునవ్వే గానీ గొంతుతో నవ్వలేదు. అదే మొదటిసారి. నాకు పట్టరాని నవ్వు వచ్చింది.

చేతులు జారిపోయాయి. పాప నా ఒళ్లోంచి గుంతలోకి పోయింది. తొక్కుడు చెక్కలకు తల తగిలిన చప్పుడు విన్నాను. తర్వాత చప్పుడు లేదు. తర్వాత ఏడుపు. నా బిడ్డ నా కాళ్ల దగ్గర పడి ఏడుస్తుంటే నేను గోడకు వాలి కళ్లు మూసుకుని ఉన్నాను. కదలలేను. పిలవలేను. మా అత్త పరుగెత్తుకొచ్చిన అడుగులు విన్నాను, వెనకే మా ఆయనవి.

"దీని చేతికి బిడ్డనిస్తె సంపుతది" అన్నది ఆమె. "దీన్ని కొత్తకోటకు తోలి, నీకు ఇంకో పిల్లను చూస్త. గట్టు ఊర్ల ఉన్నది మా చుట్టాలమ్మాయి."

మా ఆయన ఏమంటాడో వినాలని ప్రాణమంతా చెవుల్లో పెట్టుకున్నాను. ఆయన అడుగులు వాకిట్లోకి పోయాయి.

పాపకు నుదుటి మీద బొప్పి కట్టింది, రెండు రోజుల్లో తగ్గింది. కానీ ఆ రోజు నుంచి పాప నాది కాదు. పాలకు తెచ్చేవాళ్లు. నేను పడుకోవాలి, మా అత్త పక్కన కూర్చుని పాపను పట్టుకుంటుంది, తాగగానే తీసుకుపోతుంది. ఆమెది తప్పని నేను ఇప్పటికీ అనను. ఆమె చోట నేనున్నా అదే చేసేదాన్ని.

నేను పాప నవ్వితే మొహం తిప్పుకోవడం నేర్చుకున్నాను. పిల్లలకు మాటలు రాకపోయినా మొహాలు చదవడం వస్తుంది. నాయనమ్మ దగ్గర, వాళ్ల నాన్న దగ్గర, ఆఖరికి వాకిట్లో మేక దగ్గర కూడా కేరింతలు కొట్టే పాప నన్ను చూడగానే నోరు మూసుకుని బుద్ధిగా కూర్చునేది. దానికంటే పెద్ద ఒంటరితనం నేను చూడలేదు.

స్వభాను సంవత్సరం, మార్గశిరం

పాపకు మేకపాలు అలవాటు చేసి నన్ను పుట్టింటికి పంపారు. బాగయ్యాక రమ్మన్నారు. బాగయ్యే జబ్బు అయితే కదా. మా ఆయన రైలెక్కించి, వనపర్తి రోడ్డు దగ్గర దిగమని చెప్పి, ముంత నీళ్లు చేతికిచ్చాడు. రైలు కదిలేదాకా నిలబడ్డాడు. 

కొత్తకోటలో మా అమ్మ ఒక్కతే ఉంటోంది. నన్ను చూసి ఏడవలేదు, ఉడుకునీళ్లు పెట్టింది. అక్కడ ఒక సంగతి నేననుకోనిది జరిగింది. పాప లేదు, అయినా పాప తాగే వేళకల్లా పాలు చేపుకు వచ్చేవి. పొద్దున, మధ్యాహ్నం, మాపటికి, జాము తప్పకుండా రవిక తడిసిపోయేది. గద్వాలలో ఇప్పుడు జమ్ము ఆకలికి ఏడుస్తూ ఉంటుందని దాన్ని బట్టి తెలిసేది. మా అమ్మ గోడవైపు తిరిగి కూర్చునేది. ఆ పాలు ఎండిపోయిన రోజు నేను చాలా ఏడ్చాను.

మా అమ్మే వనపర్తి దవాఖానకు బండి కట్టించింది. పొద్దున పోతే వరండాలో జనం. దగ్గేవాళ్లు, మూలిగేవాళ్లు, చంటిపిల్లలు. మా అమ్మ చీటీ కోసం వరసలో నిలబడింది. నేను గోడకు చేరగిలబడ్డాను. నా వేళ అయింది. కొత్తచోట నిద్రపోతే మూట ఎవరైనా పట్టుకుపోతారేమోనని భయపడుతూనే నిద్రపోయాను.

లేచేసరికి నా తల ఎవరి ఒళ్లోనో ఉంది. నాగర్‌కర్నూలు దిక్కు నుంచి వచ్చిన ముసలామె. ఆమె మొగుడు పక్కన దుప్పటి కప్పుకుని చలిజ్వరంతో వణుకుతున్నాడు. నా మూట ఆమె కొంగుకు ముడివేసి ఉంది.

"అయ్యో, నీ ఒళ్లో పడ్డనా అవ్వా?"

"పడలే. నేనే పెట్టుకున్న. నెత్తి గోడకు కొట్టుకుంటుంటె చూడబుద్ధి కాలే." ఆమె నా తల తడిమింది. "ఏం జబ్బు బిడ్డా?"

"ఇదే. నిద్ర."

"గంతేనా? పండుకో. ఇంకా మస్తు సేపుంది."

ఏళ్ల తర్వాత ఒకరు నన్ను పండుకోమన్నారు. నాకు నిద్ర రాలేదు గానీ ఆ ఒళ్లోంచి లేవబుద్ధి కాలేదు.

డాక్టరు సాబు హైదరాబాదాయన. బొద్దుగా, కోపంగా కనిపించే మనిషి. మా అమ్మ చెప్పిందంతా విని నన్ను మందిచ్చి పంపలేదు. వరండాలోనే ఉండమన్నాడు. చలిజ్వరం తగ్గని మొగుడితో ముసలామె కూడా అక్కడే ఉంది. లోపలికీ బయటికీ పోతూ వస్తూ నన్ను ఓ చూపు చూసేవాడు. కొన్ని రోజులయ్యాక నవ్వితే పడతానన్న మాట ఒకసారి చూడాలన్నాడు. చెప్పి నవ్విస్తే నవ్వు వస్తుందా? కాంపౌండరును పిలిచి ఏదైనా నవ్వొచ్చే కథ చెప్పమన్నాడు. ఆయనేమో డాక్టరు ముందు నిలబడి, చేతులు కట్టుకుని, చెమటలు కక్కుతూ ఒక కథ మొదలుపెట్టి నడిమిట్లో మరిచిపోయాడు. "సాబ్, మిగిలింది మీరే చెప్పుండ్రి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. డాక్టరు ఆయన్ను కళ్లెర్రజేసి చూశాడు.

అంతలో ముసలామె వెనక నుంచి, "కథెందుకయ్యా, మీ ఇద్దర్ని చూస్తె సాలదా?" అన్నది.

నవ్వాను. ఎంతకాలానికో. పడ్డాను కూడా, కానీ ముసలామె పట్టుకుంది. కళ్లు మూసుకుని పడి ఉన్న నాకు వరండా అంతా నవ్వడం వినిపించింది. అందులో కోపం లేదు, భయం లేదు.

తర్వాత డాక్టరు సాబు నన్ను లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోమన్నాడు. "పసిపిల్ల రోజుల ఎన్నిసార్లు నిద్రపోతది బేటీ?" అని అడిగాడు.

"జాముకొకసారి పండుతది, లేస్తది సాబ్."

"పెరుగుతుంటె గవన్నీ జరిగి జరిగి రాత్రికి చేరుతయ్. నీకు మళ్ల విడిపోయినయ్. గంతే. దయ్యం లేదు, గియ్యం లేదు. పగటిపూట నాకు గూడ రెండు మూడు సార్లు ఒళ్లు బరువైతది. చాయ్ తాగి దాటిస్త. నీది దాటదు."

"తగ్గుతదా సాబ్?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అబద్ధం చెప్పను. తగ్గదు. ప్రాణం మీదికి రాదు. ఏదో మందున్నదని విన్న, లడాయిల మనదాక వస్తలేదు. ఒక్కటి చెయ్. అది వచ్చి పడేసేదాక ఆగకు. జర ముందుగాలనే నువ్వే పండుకో, జాముకొకసారి. లేస్తవ్, పని చేసుకుంటవ్."

"నా బిడ్డ సంగతేంది సాబ్? నవ్వు సంగతేంది?"

"దానికి నాకు తోవ తెల్వదు" అన్నాడు. తెలియదని చెప్పిన డాక్టరును నేను అప్పుడే చూశాను. ఆయన మీద నాకు కోపం రాలేదు.

తారణ సంవత్సరం, చైత్రం

డాక్టరు చెప్పింది కొత్తకోటలో అమ్మ దగ్గర చేసి చూశాను. బరువు దిగకముందే చాప వేసుకునేదాన్ని. కాసేపట్లో లేచేదాన్ని. మధ్యలో ఉన్న పొద్దంతా నాదే. ఎవరూ పనిదొంగ అననిచోట ఆ జబ్బు సగమే జబ్బు.

ఉగాది పండగ తర్వాత మా ఆయన వచ్చాడు. గడపలో నిలబడి చెప్పులు విడవకుండానే అన్నాడు. "అమ్మకు అంచు కనపడ్తలేదు. చీర వంకర పోతుంది."

"గట్టు పిల్ల సంగతేంది?" అన్నాను. నేను ఆ మాట విన్నానని ఆయనకు తెలియదు. మొహం నల్లబడింది.

"నేను చూడనికి పోలే" అన్నాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, "మగ్గం మీద నాకు మాట్లాడే దిక్కు లేకపాయె" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను మూట కట్టుకున్నాను.

గద్వాలలో దిగి ఇంటికి పోయేసరికి జమ్ము గోడ పట్టుకుని నడుస్తోంది. నన్ను చూసి ఆగింది. నవ్వుతున్నదల్లా నవ్వు ఆపి, నాయనమ్మ చీర కుచ్చెళ్లలోకి పోయింది. నేను లేనన్ని నెలల్లో అన్నీ మరిచిపోయింది గానీ అదొక్కటి మరవలేదు.

మగ్గం మీద నా చోటు నాకు ఇచ్చారు. జాముకోసారి పక్కనే చాప మీద ఒరిగేదాన్ని. ఆ వేళకు మా ఆయన తెగిన పోగులు అతుక్కునేవాడు, బీడీ కాల్చుకునేవాడు. మా అత్త చూసి చూసి ఊరుకుంది, అంచు తిన్నగా వస్తోంది గనక. కానీ పాపను మాత్రం నాకు అందనిచ్చేది కాదు. నేనూ అడగలేదు. పక్కింటి పిల్లనైతే అడిగి ఎత్తుకునేదాన్నేమో.

ఒకరోజు మా ఆయన ఏదో అన్నాడు, నాకు నవ్వు వచ్చి మగ్గం మీదే వాలిపోయాను. ఆయన నడుము పట్టుకుని చాప మీదికి చేర్చాడు. మా అత్త వచ్చి పైన నిలబడింది.

"మళ్ల మొదలాయె. పాపం దానికేం తెల్వదు. రాయి లెక్క పడ్డది" అన్నది.

కదలిక రాగానే లేచి కూర్చున్నాను. ఎందుకో ఇక దాచబుద్ధి కాలేదు. "అత్తా, నాకు అన్నీ వినపడ్తయ్" అన్నాను.

"ఏం వినపడ్తయ్?"

"పడ్డప్పుడు నువ్వన్నయన్నీ. నిద్ర కాదది. కండ్లు మూసుకుంటయ్ గని నేను ఈడనే ఉంట."

ఆమె చేతిలో వక్కాకు అలాగే ఉండిపోయింది. "గట్టు పిల్ల మాట గూడనా?"

"అది గూడ."

"బిడ్డనిస్తె సంపుతవన్న మాట?"

"అది గూడ విన్న. ఇంకోటి గూడ విన్న అత్తా. పాప కడుపుల తన్నితె నవ్వొచ్చి వసారాల పడితె, ఎవ్వరు లేరు. నువ్వొచ్చి నా మొకం మీద ఈగలు తోలినవ్. చీర సర్దినవ్. 'ఎవరి దిష్టి తగిలెనో నా బిడ్డకు' అన్నవ్. నీకు ఎరుకనో లేదో, మస్తు సేపు కూసున్నవ్."

 మా అత్త వక్కాకు పట్టుకునే లోపలికి పోయింది. వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ చాలాసేపు ఉంది. మా ఆయన నాడె పట్టుకుని తల వంచుకున్నాడు.

మరునాడు పొద్దున్నే ఆమె గుంతకు దూరంగా, నట్టింట్లో రెండు బొంతలు పరిచింది. చుట్టూ దిండ్లు, పాత చీరలు మడిచి పెట్టింది. "రా, పండుకో" అన్నది. నాకు నిద్ర వేళ కాలేదని చెప్పాను. "నిద్రకు కాదు, పండుకో" అన్నది.

వెల్లకిలా పడుకున్నాను. ఆమె జమ్మును ఎత్తుకొచ్చి నా పొట్ట మీద కూర్చోబెట్టి, తను పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పాప వీపు వెనక చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇగ నవ్వు" అన్నది. "నేనున్న."

నవ్వు రాలేదు. పాప ముందు ఇన్నాళ్లు అణిచిపెట్టిన నవ్వు రమ్మంటే వస్తుందా? జమ్ము నన్ను బుద్ధిగా చూస్తోంది. నేను మొహం తిప్పుకుంటానని ఎదురుచూస్తోంది. తిప్పుకోలేదు. పాప నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ తల ఊపింది. అప్పుడు ఆ పిల్ల మెల్లగా వంగి, పెద్దవాళ్లు చేసినట్టు నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసింది.

నవ్వు వచ్చేసింది. ఒంట్లో ఒక్కో కీలూ వదిలేసింది. దవడ జారింది, కళ్లు మూతపడ్డాయి. భయం లేదు, నేల మీదే ఉన్నాను, ఇంక పడేచోటు లేదు. పొట్ట మీద బిడ్డ బరువు. మా అత్త ఊపిరి పక్కనే వినిపిస్తోంది.

 తర్వాత చిన్న వేళ్లు నా చెయ్యి పట్టుకుని పైకెత్తి వదిలాయి. చెయ్యి దబ్బున బొంత మీద పడింది. జమ్ము కిసుక్కుమంది. మళ్లీ ఎత్తి వదిలింది. మళ్లీ పడింది. ఈసారి పకపకా నవ్వింది. నా మీద కూర్చుని, నన్ను చూస్తూ, నా బిడ్డ ఆపకుండా నవ్వింది.

కదలిక వచ్చింది. వేళ్లు ఆడుతున్నాయని తెలుస్తూనే ఉంది. అయినా కళ్లు తెరవలేదు. ఆ చెయ్యి పాపకే వదిలేశాను.